ఋణ విముక్తి కూడా కార్మికోద్యమ కర్తవ్యమే

(బస్తర్ ప్రాంతంలో గని, రవాణా, నిర్మాణ రంగాలలో పనిచేస్తున్న తెలుగు కార్మికుల శిక్షణ తరగతిలో సమాఖ్య నాయకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ తరగతులలో మనం సాధారణంగా వేతన ఒప్పందాల గురించి, కాంట్రాక్టు విధానం గురించి, గనులలో భద్రత గురించి చర్చించుకుంటాము. ఈ రోజు కార్మిక కుటుంబాల అప్పుల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఇది విని కొందరు మిత్రులు సందేహం వెలిబుచ్చారు. అప్పు ఎవరి ఇంటి వ్యవహారం వారిది కదా, దానితో సంఘానికేమి పని అన్నారు. ఒకప్పుడు నేను కూడా అలాగే భావించాను. ఆ అభిప్రాయం నాకు ఎలా మారినదో మొదట చెబుతాను.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఒకచోట కాంట్రాక్టు కార్మికుల సమ్మెకు నేను బాధ్యుడిగా ఉన్నాను. పది రోజులు సమ్మె కట్టుదిట్టంగా నడిచింది. పదకొండవ రోజు ఉదయం మా సభ్యులలో ముగ్గురు పనిలోకి వెళ్ళారు. ఆ సాయంత్రం గేటు సభలో నేను వారిని ద్రోహులని పేర్లు పెట్టి నిందించాను. మరునాడు వారిలో ఒకరి భార్య సంఘ కార్యాలయానికి వచ్చి, రెండు చిన్న పుస్తకాలు నా ముందు బల్లపై పెట్టింది. ఒకటి కిరాణా కొట్టు ఖాతా, రెండవది రోజువారీ వడ్డీ వ్యాపారి చీటీ పుస్తకం. "అన్నయ్యా, ఆయన్ని పనిలోకి పంపింది కాంట్రాక్టరు కాదు, ఈ పుస్తకాలు. పది రోజులనుంచి పొద్దున్నే గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అరుస్తున్నాడు. ఆ సంగతి మీ సంఘంలో ఎవరైనా అడిగారా?" అన్నది. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఎవరికి ఎంత అప్పున్నదో, సమ్మె ఎన్ని రోజులు ఎవరు తట్టుకోగలరో తెలుసుకోకుండానే మేము సమ్మెకు దిగాము. తరువాత నాలుగు రోజులకే ఆ సమ్మె చెదిరిపోయింది. నేను నిందించిన ఆ ముగ్గురూ మళ్ళీ సంఘానికి రాలేదు.

కామ్రేడ్స్, అప్పులో మునిగిన కార్మికుడు మనతో కలిసి నినాదం ఇవ్వగలడు. కాని పనికి పోనని పట్టుబట్టి నిలబడే శక్తి అతనికి తక్కువ. నేను ఈ రోజు చెప్పదలచినది ఈ ఒక్క విషయమే.

అప్పు కార్మికుని దుర్గుణం కాదు

కార్మికుని అప్పు గురించి మాట్లాడేటప్పుడు యజమానులూ, కొందరు పెద్దమనుషులూ వెంటనే అతని తాగుడును, దుబారాను ఎత్తి చూపుతారు. ఇది పాత వాదన. 1929లో నాటి ప్రభుత్వం విట్లీ అధ్యక్షతన భారత కార్మిక పరిస్థితులపై రాయల్ కమిషన్‌ను నియమించింది. కార్మికోద్యమం నుండి ఎన్.ఎం. జోషి, దివాన్ చమన్‌లాల్ దానిలో సభ్యులు. 1931లో వెలువడిన ఆ కమిషన్ నివేదిక ప్రకారం చాలా పారిశ్రామిక కేంద్రాలలో మూడింట రెండు వంతుల కుటుంబాలకు తక్కువ కాకుండా అప్పులలో ఉన్నాయి. అత్యధిక సందర్భాలలో ఆ అప్పు మూడు నెలల వేతనాన్ని మించి ఉన్నది. మూడింట రెండు వంతుల మందికి సోకినదానిని వ్యక్తి దుర్గుణమని ఎలా అనగలము? జీవనవ్యయానికి చాలని వేతనం, జబ్బు చేస్తే ఆదుకొనే ఏర్పాటు లేకపోవడం, పని ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని స్థితి - ఇవి మూడూ అప్పుకు మూలకారణాలు.

ఆ నివేదిక తరువాత కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో 1936లో పారిశ్రామిక కార్మికుల ఋణాల సర్దుబాటుకు ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. కాని బస్తర్ అప్పటికి సంస్థానం. 1948లో గాని అది భారత దేశంలో విలీనం కాలేదు. ఇక్కడి ఆదివాసికి అప్పు మరొక రూపంలో వచ్చింది. వారపు సంతలలో బయటి వర్తకుడు ఉప్పు కొలిచి ఇచ్చి, దానికి బదులుగా అడవిలో ఏరిన సారపప్పు తీసుకుపోయేవాడు. ఏది ఎంత విలువ చేస్తుందో ఒకరికి తెలుసు, మరొకరికి తెలియదు. ఈనాటి వడ్డీ వ్యాపారంలో కూడా అసలు రహస్యం ఇదే. లెక్క ఒకరి చేతిలో ఉన్నది, కష్టం మరొకరి చేతిలో ఉన్నది.

మన తెలుగువారు ఈ ప్రాంతానికి ఎలా వచ్చారో మీకు తెలియనిది కాదు. జపానుకు ఇనుప ఖనిజం ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస నుండి అరకు మీదుగా కిరండోల్ వరకు రైలు మార్గం వేశారు. 1968లో బైలదిల్లా కొండలలో గనుల తవ్వకం మొదలైనది. ఆ రైలు వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పనికోసం జనం వచ్చారు. యంత్రాలు రావడంతో వేలాది కాంట్రాక్టు కార్మికుల పని ప్రమాదంలో పడినప్పుడు పెద్ద ఆందోళన జరిగింది. 1978 ఏప్రిల్ 5న కిరండోల్‌లో పోలీసు కాల్పులలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ త్యాగాలకు ఈ సభా ముఖంగా జోహార్లర్పిస్తున్నాను. పని పోయిననాడు వేతనం ఆగుతుంది గాని, ఖాతా పుస్తకంలో వడ్డీ ఆగదని ఆ తరం పెద్దలు మనకంటే బాగా ఎరుగుదురు.

వడ్డీ లెక్క మనకు రావాలి

కనుక మొదట లెక్క నేర్చుకుందాము. రోజువారీ ఫైనాన్సు అనే పద్ధతి ఒకటున్నది. 10,000 రూపాయలకు చీటీ రాయించుకుని, ముందుగానే 1,500 పట్టుకుని, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "నూటికి పదిహేనే కదా, అదీ మూడు నెలలకు పైగా" అని మనవాడు అనుకుంటాడు. కాని మొదటి రోజు నుండే అసలు తిరిగి పోతున్నది. ఆ 100 రోజులలో సగటున అతని వాడకంలో ఉండేది దాదాపు 4,500 మాత్రమే. దానిమీద 1,500 వడ్డీ అంటే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు, సంవత్సరానికి 120 శాతం!

ఇక నూటికి అయిదు రూపాయల వడ్డీ సంగతి చూడండి. ఒక కార్మికుడు భార్య ఆపరేషనుకు 40,000 తెచ్చాడనుకుందాము. నెలకు 2,000 వడ్డీ. రెండేళ్ళు తప్పకుండా కట్టినా 48,000 వడ్డీ పోయి, 40,000 అసలు చెక్కు చెదరక అలాగే ఉంటుంది. దీనికి హామీగా బ్యాంకు ఏటీఎం కార్డు, రహస్య సంఖ్యతో సహా, వడ్డీ వ్యాపారి చేతిలో ఉండడం నేను అనేక గని కాలనీలలో చూశాను. జీతం పడిన రోజున ముందుగా డబ్బు తీసేది అతడే. మనం ఒప్పందంలో పోరాడి సాధించిన పెంపుదల కార్మికుని చేతికి రాకముందే ఆ ఇంటికి చేరిపోతున్నది.

ఇప్పుడు సెల్‌ఫోనులో అయిదు నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌లు కూడా వచ్చాయి. ఫోనులోని పేర్లన్నీ లాక్కుని, కిస్తీ ఆలస్యమైతే బంధువులకూ తోటి పనివారికీ సందేశాలు పంపి పరువు తీసిన ఘటనలు తెలుగు రాష్ట్రాలలో ఎన్నో జరిగాయి. ఏ అప్పు తీసుకొనే ముందైనా మూడు ప్రశ్నలు అడగండి. చేతికి వచ్చేది ఎంత? మొత్తం తిరిగి కట్టేది ఎంత? ఒక కిస్తీ తప్పితే ఏమి జరుగుతుంది? ఈ మూడింటికీ కాగితం మీద సమాధానం ఇవ్వని వాని దగ్గర అప్పు తీసుకోవద్దు.

ఇంటి ఖర్చును మన అదుపులోకి తెచ్చుకుందాం

ఇక ఖర్చుల విషయం. కడుపు కట్టుకొమ్మని నేను చెప్పబోవడం లేదు. ఎనిమిది గంటలు బరువు మోసే మనిషికి కడుపునిండా తిండి కావాలి, పిల్లలకు పాలు కావాలి, చదువు కావాలి. వీటిని తగ్గించుకొమ్మని చెప్పడం కార్మిక సంఘం పని కాదు. కాని తెలియకుండా పోయే డబ్బు వేరు, తెలిసి పెట్టే ఖర్చు వేరు.

దీనికి ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలును. ఒక నెలపాటు ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ప్రతి సాయంత్రం ఆ రోజు ఖర్చును రాయాలి. టీ, బీడీ, సెల్‌ఫోను రీచార్జి, సంత ఖర్చు, మందు ఖర్చు ఏదీ దాచకూడదు. మొదటి నెలలో ఏదీ మార్చవద్దు, కేవలం రాయండి. ఇలా రాసిన కుటుంబాలలో నేను చూసిన విషయమేమంటే, ఎక్కువగా పోయేది పెద్ద ఖర్చులలో కాదు. అరువు ఖాతాలో పోతుంది. అరువు కొట్టులో ధర అడిగే హక్కు మనకు ఉండదు. తూకం చూసే ధైర్యం ఉండదు. పక్క కొట్టుకు పోయే స్వేచ్ఛ అసలే ఉండదు.

ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే పట్టణంలో 1844లో 28 మంది కార్మికులు చిల్లర పొదుపు చేసి ఒక సహకార దుకాణం తెరిచారు. వారిలో చాలామంది నేత పనివారు. వేతన పోరాటంలో దెబ్బ తిన్నవారు. ఆ దుకాణం నియమాలలో ముఖ్యమైనది అరువు లేకపోవడం. స్వచ్ఛమైన సరుకు, సరైన తూకం, నగదు బేరం. పేదవానికి అరువు ఇవ్వకపోవడం నిర్దయ అని మనకు తోచవచ్చు. కాని అరువే తమను దుకాణదారునికి కట్టివేస్తున్నదని వారు గ్రహించారు. ప్రపంచ సహకారోద్యమం ఆ దుకాణాన్ని తన పుట్టిల్లుగా చెప్పుకుంటుంది.

మనం కూడా ఒక లైనులో పది కుటుంబాలు కలిసి బియ్యం, పప్పు, నూనె నెలకు ఒకసారి నగదుకు టోకున తెచ్చుకొనవచ్చు. ఆహార భద్రతా చట్టం కింద సొంత ఊరిలో రేషను కార్డు ఉన్నవారు ఆ కార్డుతో దేశంలో ఎక్కడైనా ధాన్యం తీసుకొనే సదుపాయం ఇప్పుడు ఉన్నది. ఛత్తీస్‌గఢ్ కూడా దానిలో ఉన్నది. ఇక్కడి మన కార్మికులు ఎందరు దానిని వాడుకుంటున్నారో ప్రతి శాఖా లెక్క తీయాలి. అనారోగ్యం వచ్చినప్పుడు భవిష్య నిధి నుండి ముందస్తుగా కొంత తీసుకొనే వీలున్నది. వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్ళేముందు సంఘ కార్యాలయానికి రమ్మని సభ్యులకు చెప్పండి.

తాగుడు సంగతి దాటవేయడం కూడా సరికాదు. దల్లీ రాజహరా ఇనుప గనులు ఇక్కడికి ఉత్తరాన, నేటి బాలోద్ జిల్లాలో ఉన్నాయి. 1977లో అక్కడ శంకర్ గుహా నియోగి నాయకత్వాన కాంట్రాక్టు కార్మికులు సంఘం పెట్టుకుని వేతనాలు పెంచుకున్నారు. పెరిగిన వేతనం సారా దుకాణానికి పోతున్నదని గమనించి, ఆ సంఘమే మద్య వ్యతిరేక ప్రచారాన్ని చేపట్టింది. 1983లో కార్మికులు తమ సొంత డబ్బుతో, సొంత శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకున్నారు. తాగుబోతులని ఎవరో తమను నిందిస్తే వారు మారలేదు. తమ సంఘం తమతో కూర్చుని మాట్లాడింది కనుక మారారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకొనే పొదుపు లక్ష్మి సంఘాలు వెలిశాయి. సారాకు పోకుండా నిలిచిన రూపాయిని ఎక్కడ పెట్టాలో ఆ తల్లులకు తెలుసు.

ఒకరికొకరు తోడు

ఖర్చును అదుపులో పెడితే ఒక కుటుంబం నెలకు 500 మిగల్చగలిగిందని అనుకుందాము. ఒంటరిగా ఆ 500తో 40,000 అప్పును ఏమీ చేయలేము. కాని 30 మంది కలిస్తే నెలకు 15,000. మూడు నెలలకు 45,000. ఆ డబ్బుతో ఒకరి 40,000 అప్పును వడ్డీ వ్యాపారికి ఒకేసారి కట్టి, చీటీ చింపించి, ఏటీఎం కార్డు వెనక్కు తీసుకోవచ్చు. ఇప్పుడు అతడు తన సంఘానికి బాకీ. నూటికి రూపాయి వడ్డీ. ఇంతకుముందు వడ్డీగా కడుతున్న ఆ 2,000నే సంఘానికి కడితే, 23వ నెలతో అసలూ వడ్డీ అంతా తీరిపోతుంది. మొత్తం కట్టిన వడ్డీ 5,000 లోపే! ఆ వడ్డీ కూడా సభ్యులందరి సొమ్మే. మొదటి సంవత్సరంలోనే ఇలా నాలుగు కుటుంబాలను విడిపించవచ్చు. వారు కట్టే కిస్తీలతో రెండవ సంవత్సరం మరింత వేగంగా నడుస్తుంది.

మరి ముందు ఎవరిని విడిపించాలి? పలుకుబడి ఉన్నవారిని కాదు, అందరికంటే ఎక్కువ వడ్డీ కడుతున్నవారిని. దీనిని మొదటి సమావేశంలోనే తీర్మానంగా రాసుకోవాలి. లేకపోతే నిధి అంతా నాయకుల బంధువులకు పోతుంది, సంఘం పగిలిపోతుంది. నెలకు ఒకసారి లెక్కలు అందరిముందు చదవాలి. డబ్బు బ్యాంకులో ముగ్గురి పేరున ఉండాలి. వారిలో ఒకరు తప్పక మహిళ కావాలి. యూనియన్ నిధిని, పొదుపు నిధిని ఎన్నడూ కలపకూడదు. సంఘం పెరిగినకొద్దీ సహకార చట్టం కింద నమోదు చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాలకు దారి చూపింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. గుంపుగా అప్పు అనగానే అది పరస్పర సహాయం అయిపోదు. సూక్ష్మ ఋణ సంస్థలు కూడా మహిళలను గుంపులుగా చేర్చి, ఒకరికొకరిని హామీదారులుగా నిలబెట్టాయి. ఒకామె వారపు కిస్తీ కట్టలేకపోతే మిగిలినవారు ఆమె గుమ్మం ముందు కూర్చునే స్థితి వచ్చింది. వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలపై ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ గుంపు అప్పులవాని సొమ్ముకు కాపలా. మనం కట్టే గుంపు సభ్యునికి కాపలాగా ఉండాలి. మన సభ్యుడు ఒక నెల కిస్తీ కట్టలేకపోతే వారి ఇంటికి వెళ్ళవలసినదే, కాని అరవడానికి కాదు, ఏమి కష్టం వచ్చిందో అడగడానికి.

చట్టపరంగా మనకున్న రక్షణలు కూడా తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సూక్ష్మ ఋణాలలో ఒక కుటుంబం నెలనెలా కట్టవలసిన కిస్తీలన్నీ కలిపి ఆ కుటుంబ ఆదాయంలో సగాన్ని మించరాదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు వేధించరాదు. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా మరొక పనికి పోనివ్వకుండా మనిషిని పట్టి ఉంచడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మన మేస్త్రీలు కొందరు ఇక్కడి ఆదివాసీ యువకులకు అడ్వాన్సులు ఇస్తున్నారు. ఈ చట్టం వారికీ వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. మనం పనికోసం ఇక్కడికి వచ్చినట్లే, సుక్మా, బీజాపూర్ ప్రాంతాల ఆదివాసులు ప్రతి సంవత్సరం మిరప కోతలకు ఖమ్మం, ములుగు ప్రాంతాలకు పోతున్నారు. వారి కష్టం మన కష్టమే. మనం పెట్టే పొదుపు సంఘాలలో తెలుగువారు, హల్బీ, గోండీ మాట్లాడేవారు అనే భేదం ఉండకూడదు.

మన ముందున్న పని

పొదుపు చేసుకుంటే చాలు, వేతన పోరాటం అక్కరలేదని ఎవరైనా అంటే నమ్మకండి. చాలని వేతనంలో ఎంత పొదుపు చేసినా కొరతే మిగులుతుంది. అలాగే వేతనం పెరిగితే అప్పు దానంతటదే పోతుందని కూడా నమ్మకండి. చిల్లుకుండలో ఎంత పోసినా నిలువదు. వేతన పోరాటం కుండలో నీరు పోస్తుంది. ఖర్చుపై అదుపు, పరస్పర సహాయం ఆ చిల్లును మూస్తాయి. రెండూ సంఘం పనులే.

అందుచేత ప్రతి శాఖా వచ్చే మూడు నెలలలో మూడు పనులు చేయాలని కోరుతున్నాను. సభ్యుల అప్పులను పేర్లు బయట పెట్టకుండా, వడ్డీ రేటుతో సహా లెక్క తీయండి. ముప్పై మందికి తగ్గకుండా ఒక పొదుపు సంఘాన్ని ప్రారంభించండి. సమ్మె తీర్మానం చేసే ముందు, ఎన్ని కుటుంబాలు ఎన్ని రోజులు నిలబడగలవో, నిలబడలేనివారికి బియ్యం ఎక్కడి నుండి వస్తుందో చర్చించండి.

ఆనాడు ఆ సోదరి నన్ను అడిగిన ప్రశ్నను మీ ముందు ఉంచి ముగిస్తాను. "ఆ సంగతి మీ సంఘంలో ఎవరైనా అడిగారా?" అన్నదామె. ఈ తరగతి ముగిసి ఇళ్ళకు వెళ్ళిన తరువాత, మీ లైనులో ఉన్న ఒక్క సభ్యుని ఇంటికైనా వెళ్ళి అడగండి. నిందించడానికి కాక, తోడుండడానికి వచ్చామని ముందుగా చెప్పి, తరువాత అడగండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!